బారికేడుకు కట్టిన టవలు

మా బావ వసంతకుమార్‌ను నందికొట్కూరులో మోటారు వసంతన్న అంటారు. కాలిపోయిన బోరు మోటారు ఏది తెచ్చినా విప్పి, మాడిన రాగి తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి ఇస్తాడు. ఆదివారం చర్చిలో గిటారు వాయిస్తాడు. మనిషి అయిదడుగులు దాటడు. కోపమనేది ఎరగడు. ఆయనకు రావాల్సిన కోపం కూడా దేవుడు పొరపాటున నాకే పెట్టాడని మా అక్క ప్రేమజ్యోతి అంటుంది. పొరపాటో కాదో తెలియదు గానీ, మొన్న మార్చిలో హైదరాబాదు స్టేడియంలో జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

బావకు ఒక విదేశీ రాక్ బ్యాండంటే పిచ్చి. దాని పేరు నాకు నోరు తిరగదు. షాపులో తీగ చుడుతున్నంతసేపూ వాళ్ల పాటలే. మోటార్లు తెచ్చిన రైతులు “ఏందప్పా ఈ అరుపులు, ఎవురన్నా సచ్చినారా?” అని అడిగితే నవ్వుతాడు. అందులో ఒక పాట ఉంది. మధ్యలో పాడేవాడు ఆగిపోతే, నెరిసిన జుట్టు గిటారాయన ఒక్కడే కాసేపు వాయిస్తాడు. బావ దానికి ఏడుపు ముక్క అని పేరు పెట్టుకున్నాడు.

ఆ ముక్కకు మా ఊళ్లో ఒక చోటు ఉంది. శుభ శుక్రవారం నాడు చర్చిలో, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు ప్రసంగిస్తారు. ఆరో మాట, “సమాప్తమైనది” అన్నది, ముగిశాక ఎవరూ పాట ఎత్తుకోరు. బావ ఒక్కడే లేచి ఏడుపు ముక్క వాయిస్తాడు. అది రాక్ పాటలోదని పాస్టరయ్యకు తెలియదు, ఏదో పాత కీర్తన రాగం అనుకుంటాడు. ఆడవాళ్ల వైపు కొంగులు కళ్లమీదికి పోతాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి దానికోసమే వచ్చేవాళ్లున్నారు.

బావకు మాత్రం తృప్తి లేదు. ఆ ముక్కలో ఒకచోట స్వరం కిందికి జారుతూ జారుతూ, ఏడ్చే మనిషి గొంతులా వెక్కిపడుతుంది. ఆ వెక్కు ఆయన చేతికి పట్టుబడలేదు. దాని బదులు రెండు మామూలు స్వరాలు వాయించి దాటుకుంటాడు. “అందురూ బాగుందంటారు గానీ, ఆడ గుంత ఉండాది ఏసుకుమారూ. మన్ను కప్పి జనాన్ని నడిపిస్తాండా” అనేవాడు. యూట్యూబులో నేర్పేవాళ్లు తలా ఒక రకంగా నేర్పుతారు, ఏదీ అది కాదు. బ్యాండువాళ్ల వీడియోలు చూద్దామా అంటే, సరిగ్గా వెక్కు దగ్గరికి రాగానే కెమెరా డ్రమ్ముల మీదికో, పాడేవాడి నోట్లోకో దూరుతుంది. అలా పదేళ్లు గడిచాయి.

ఆ బ్యాండు హైదరాబాదుకు వస్తోందని తెలిసిన రోజు బావ షాపు మధ్యాహ్నమే మూసేశాడు. అన్నిటికంటే ముందు నిలబడే చోటుకు రెండు టికెట్లు కొన్నాడు. అక్క కోప్పడింది.

“శుభ శుక్రవారం ముందర, శ్రమల దినాల్లో ఎవురన్నా గానా బజానాకు పోతారా?”

“పాట ఇనేకి కాదు జ్యోతీ. ఆయప్ప ఎడమ చెయ్యి చూసేకి పోతాండా. ఒక్కసారి కంటితో చూస్తే చాలు, ఈ శుక్రవారానికి గుంత పూడ్చేస్తా” అన్నాడు బావ.

చూడవలసింది అంతే. ఒక మనిషి చెయ్యి, అదీ కాసేపు. దానికోసం నన్ను తోడు తీసుకుని కర్నూలు మీదుగా హైదరాబాదు బస్సెక్కాడు.

స్టేడియం గేటు దగ్గరే నాకు మొదటి మంట. అక్క కట్టిచ్చిన జొన్నరొట్టెలు, శనక్కాయల పొడి సెక్యూరిటీవాడు డబ్బాతో సహా చెత్త తొట్లో పడేశాడు. నీళ్ల సీసా కూడా అందులోకే. “అన్నం పారేసే చెయ్యి అదేం చెయ్యిరా” అన్నాను. బావ నన్ను వెనక్కి లాగాడు. వాడు బావ భుజం మీది టవలు తీసి, విప్పి, దులిపి, “ఇదెందుకు?” అన్నాడు. “చెమట తుడుచుకునేకి సార్” అన్నాడు బావ. టవలు ఒక్కటి మిగిలింది.

తొందరగా వచ్చినందుకు మంచి చోటే దొరికింది. స్టేజీ నుంచి జనం మధ్యకు ఒక వంతెనలాంటిది కట్టారు. అది ఆగేచోట, ఇనప బారికేడుకు ఆనుకుని నిలబడ్డాం. బావ చెయ్యి చాపి దూరం చూసుకున్నాడు. “ఆయప్ప ఈడికి వస్తే గోరు కూడా కనపడతాదిరా” అన్నాడు. పెళ్లినాడు కూడా ఆయన ముఖంలో అంత వెలుగు చూడలేదు.

ఎండ మాడ్చేస్తోంది. నాలుక పిడచగట్టింది. నీళ్లు అమ్మే చోటు ఎక్కడో వెనకాల ఉంది. నేనుంటాను, నువ్వు తాగిరా అన్నాను. బావ టవలు తీసి బారికేడుకు రెండు ముళ్లు వేసి కట్టాడు.

“టవలుండాదిగా. నువ్వెందుకు ఎండలో? పా, ఇద్దురం పోయొద్దాం.”

నాకూ అది సరైన మాటే అనిపించింది. మా దిక్కు పల్లెవెలుగు బస్సులో కిటికీలోంచి సీటు మీద టవలు పడిందంటే మనిషి కూర్చున్నట్టే. పెళ్లి బంతిలో అంతే, సువార్త సభల్లో అంతే. ఎమ్మెల్యే తమ్ముడు వచ్చినా టవలు తీసి కూర్చోడు. టవలు మాట తప్పిన మనిషికి నందికొట్కూరు బస్టాండులో మర్యాద మిగలదు.

నీళ్లమ్మే పిల్లకు డబ్బులు చూపిస్తే అడ్డంగా తలాడించింది. ఫోను చూపించినా తలాడించింది. చేతికి ఒక పట్టీ కట్టించుకోవాలట, దాంట్లో ముందే డబ్బు వేయించుకోవాలట, దానికి వేరే వరస అట. గుక్కెడు నీళ్ల కోసం చేతికి తాయెత్తు కట్టించుకోవాల్సిన చోటు నా జన్మలో అదే చూశాను. ఆ వరసలో నిలబడి, ఈ వరసలో నిలబడి, రెండు సీసాలు చేతికొచ్చేసరికి పొద్దు వాలింది. తిరిగి చూస్తే మేం వచ్చిన దారి లేదు. అంతా తలకాయలే.

“రవ్వంత దావ ఇయ్యండప్పా. ముందర మా టవలుండాది” అని బావ అడుగుతూ పోయాడు. కొందరు కదిలారు, కొందరు కదల్లేదు. సగం దూరం పోయాక నల్ల చొక్కా కుర్రాడొకడు అడ్డం నిలబడ్డాడు.

“టవలేంటి అంకుల్?”

“బారికేడుకు కట్టినాం బాబూ, ఆకుపచ్చ గళ్లది. మాది ఆ జాగా.”

వాడు పక్కవాణ్ణి పిలిచి చెప్పాడు, వాడు ఇంకొకణ్ణి పిలిచాడు. ముగ్గురూ నవ్వారు. “ఇక్కడ అట్లా ఉండదు అంకుల్. ఎవరు నిలబడితే వాళ్లదే ప్లేస్” అన్నాడు మొదటివాడు. మర్యాదగానే అన్నాడు. అదే నాకు ఇంకా మండింది.

“అట్ల ఉండదంటే? నీ ఇంటికి తాళం ఏసి పోతే వచ్చినోడు దూరతాడా?” అని నేను మీదికి పోయాను. బావ నా నడుం పట్టుకుని ఆపాడు. “వద్దులేప్పా. వాళ్లకు తెలీదు” అన్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. టవలు చెల్లని ఊరు ఒకటుంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మేం అక్కడే ఇరుక్కుపోయాం, ముందుకూ పోలేక, వెనక్కూ రాలేక.

కచేరీ మొదలైంది. బ్యాండు రాగానే చేతులన్నీ లేచాయి, ప్రతి చేతిలో ఒక ఫోను. డబ్బు పోసి వచ్చి, ఎదురుగా ఉన్న మనిషిని వదిలి, ఫోనులో చూస్తున్నారు! నేను ఆరడుగులకు కొంచెం తక్కువ కాబట్టి ఫోన్ల సందుల్లోంచి స్టేజీ తునకలు తునకలుగా కనిపించింది. బావకు ముందువాడి చొక్కా మీది బొమ్మ కనిపించింది. పక్కనున్న పెద్ద తెర చూద్దామంటే అందులో పొగ, మంటలు, కళ్లు మూసుకుని ఊగే ఆడపిల్లలు. గిటారు తప్ప అన్నీ చూపించారు.

ఆ పాట వచ్చింది. మొదటి చప్పుడుకే బావ నా చెయ్యి పట్టుకున్నాడు. పాడేవాడు ఆగాడు. నెరిసిన జుట్టాయన గిటారు వాయిస్తూ వంతెన మీద నడుచుకుంటూ వచ్చి, వచ్చి, సరిగ్గా మా టవలు దగ్గర నిలబడ్డాడు. ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు. బారికేడు మీదికి వంగి, అక్కడున్నవాళ్లు చెయ్యి చాపితే అందేటంత దగ్గర, ఆ చోట్లోనే.

“కనపడతాండాదా? ఏ వేలు? ఏసుకుమారూ, ఏ వేలు పైనుండాది?”

“చెయ్యి కనపడతాండాది బావా!”

“చెయ్యి కాదురా, వేలు! తీగను లాగుతాండాడా, తోస్తాండాడా?”

నాకేం తెలుసు? నేను విత్తనాల షాపులో పనిచేసేవాణ్ణి. వేరుశనగ రకం అడిగితే చెబుతాను గానీ, గిటారు మీద పరుగెత్తే వేళ్లలో ఏది ఏదో నాకెలా తెలుస్తుంది? ఇక లాభం లేదని వంగి, ఉరుసులో పిల్లవాణ్ణి ఎత్తినట్టు బావను భుజాల మీద కూర్చోబెట్టుకుని లేచాను. వెనకనుంచి “దిగు, దిగు” అని అరుపులు. ఎవడో నా వీపు మీద నీళ్లు పోశాడు. నేను పళ్లు బిగపట్టి నిలబడ్డాను.

వెక్కు వచ్చింది. నాకు కూడా తెలిసింది. నేల నుంచి అరికాళ్లలోకి ఎక్కి గుండెలో తగిలింది. అన్నేళ్లు షాపులో ఆ పాట చెవిన పడుతూనే ఉన్నా అది ఏడుపని నాకు అప్పుడే అర్థమైంది. ఆ వెంటనే జనం హోరెత్తారు, నెరిసిన జుట్టాయన వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

బావను దించాను. “చూసినావా?”

“ముందర ఒక పాప ఎవురి భుజాల మీదనో లేసిందప్పా. ఆ పాప వీపు చూసినా” అన్నాడు.

తిరుగు బస్సులో ఆయన నన్ను వదల్లేదు. నడిమి వేలా, ఉంగరపు వేలా? నేను నడిమి వేలనుకుంటానన్నాను, తర్వాత కాదేమోనన్నాను. చివరికి విసుక్కున్నాను. “బావా, చెయ్యి కనిపించింది. అంతకుమించి నన్ను సంపినా రాదు.”

“నీకు కనిపించింది గదరా” అన్నాడు. నా కళ్లలోకి చూస్తూ ఉండిపోయాడు, ఆ చెయ్యి ఇంకా అక్కడే ఉందేమోనన్నట్టు.

ఆ తర్వాత ముందు వరసవాళ్లు పెట్టిన వీడియోలు వెతికాం. ఎవరిది చూసినా వాళ్ల ముఖాలే, వాళ్ల అరుపులే. ఒక్కదాంట్లో మాత్రం చెయ్యి చక్కగా, గోళ్లతో సహా కనిపించింది. బావ తెర మీదికి వంగాడు. వెక్కు దగ్గరికి రాగానే ఆ కుర్రాడు ఫోను తనవైపు తిప్పుకుని నాలుక చాపాడు. నేను ఫోను నేలకేసి కొట్టబోతే బావ లాక్కున్నాడు.

ఆరోజు నుంచి షాపులో ఆ పాటలు లేవు. గిటారు సంచిలోంచి బయటికి రాలేదు. శుక్రవారం దగ్గరపడుతోంది, వాయించి చూసుకోవా అని అక్క అడిగితే తీగ చుట్టడం ఆపాడు.

“ముందర అసలుది ఎదురుగా ఇనక దొంగది వాయిస్తాంటి, చెల్లుబాటయ్యింది. ఇప్పుడు అసలుది ఒంట్లో దిగి కూకుంది. నాది ఇనేకి నాకే సిగ్గయితాంది జ్యోతీ. పోకుండా ఉండింటే బాగుండు” అన్నాడు.

శుభ శుక్రవారం చర్చి నిండిపోయింది. ఆరో మాట మీద ప్రసంగం అయ్యింది. పాస్టరయ్య కూర్చుని బావ వైపు చూశాడు. బావ లేచాడు, గిటారు తగిలించుకున్నాడు, ఎడమ చెయ్యి తీగల మీద పెట్టాడు. జనం ఎదురుచూశారు. అక్క నా వైపు చూసింది, నేను నేల చూశాను. బావ అలాగే నిలబడి, నిలబడి, చెయ్యి తీసేసి కూర్చున్నాడు. పాస్టరయ్య ఒకసారి దగ్గి, ఏడో మాట చెప్పేవాణ్ణి పిలిచాడు.

బయట మెట్ల దగ్గర ఏసుమణి అవ్వ కాచుకుని ఉంది. ఆత్మకూరు దారిలోని పల్లె నుంచి మనవడి మోటారుసైకిలు మీద ఏటేటా ఆ ఒక్క ముక్క కోసం వచ్చే మనిషి. ఆమెకు చూపు సరిగా లేదు. బావ చెయ్యి తడిమి పట్టుకుంది.

“ఏం నాయినా, ఆరో మాటైనాంక వాయిస్తాంటివే, అది యాడ పెట్టి వస్తివి?”

“హైదరాబాదులో పోగొట్టుకుంటినవ్వా.”

“అయ్యో” అంది ముసలామె. నిజంగానే ఏదో వస్తువు పోయిందనుకుంది. “మళ్లా పోయి ఎతుకు నాయినా. ఎవురన్నా తీసి పెట్టింటారులే. వచ్చే ఏటికి నేను ఉంటానో లేనో.”

“సరేవ్వా” అన్నాడు బావ, ఆమెను పట్టుకుని మెట్లు దింపుతూ. నాకైతే ఆ స్టేడియంలోని జనాన్నంతా ఆ మెట్ల ముందుకు ఈడ్చుకొచ్చి, ఈమెకు జవాబు చెప్పండ్రా అని నిలదీయాలనిపించింది.