పలకని పేరు

నేను చిన్నప్పుడే రాయడం ఎందుకు నేర్చుకోలేదంటే, బడి గంటా మా కుండా ఒకే వేళకు సిద్ధమయ్యేవి. ఆత్రేయపురంలో మాది పూతరేకులు తీసే ఇల్లు. కుండ వేడెక్కిందంటే గుడ్డను పిండిలో ముంచి రేకు తీయాల్సిందే. అమ్మ ఎప్పుడూ కుండ పక్షమే.

తొంభైల్లో, నాకు నలభై దాటాక, అమలాపురం దగ్గర మా అత్తవారి ఊళ్ళో పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పే బడి పెట్టారు. నా పేరు రాయడం వచ్చేసింది. అంతలో పంతులమ్మగారు, "రేపు పొద్దున్న అందరూ బోర్డు మీద మీ ఆయన పేరు రాయాలండీ" అన్నారు. ఆవిడ వాళ్ళాయన్ని పేరు పెట్టే పిలుస్తారు. నేను అలవాటు కొద్దీ "ఆయ్" అని ఒప్పేసుకున్నాను.

అన్నాక భయం పట్టుకుంది. భర్త పేరు పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని మా నమ్మకం. ఆయనేమో మస్కట్‌లో ఎత్తైన మేడల మీద పని చేస్తున్నారు. పైగా ఆయనది దేవుడి పేరు. గుళ్ళో కూడా "మా ఆయన పేరు గల స్వామీ" అనే మొక్కుకునేదాన్ని.

పెరట్లో చీపురుకి కొబ్బరి ఈనెలు తీస్తుంటే నాలో ఇద్దరు తగువుకు దిగారు.

"రెండు కొమ్ములు నేర్చేసరికి నెత్తి మీద కొమ్ములొచ్చేయే నీకు!" అంది భయపడేది.

"నువ్వు మూల కూర్చో, ముసలమ్మా!" అంది చదువుకునేది.

కూర్చోమన్న కొద్దీ మొదటిది శోకాలు పెట్టింది. నా చేతిలో ఈనె పుటుక్కుమంది.

"ఎవరితోనే ఆ పోట్లాట?" అన్నారు అరుగు మీంచి అత్తగారు. చెప్పాను.

"తిడితే ఊరుకుంటుందేంటే? ఏడ్చే పిల్లనైనా ఎందుకని అడుగుతాం కదా!"

అడిగాను. ఆయన క్షేమంగా ఉండాలంది భయపడేది. రెండోదాన్నీ అడిగాను. ఆయన పేరు తన చేత్తో దిద్ది చూసుకోవాలంది. ఇంత గోలా ఒక్క మనిషి కోసమే! నవ్వొచ్చింది.

"మరి రాయొచ్చాండీ, అత్తయ్యగారూ?"

"నోటితో అనకు. చేతికి నాలికుందేంటి?"

భయం పూర్తిగా పోలేదు గానీ అన్నం సహించింది.

మర్నాడు పొద్దున్న భయపడేదాని కోసం బోర్డు మీద ముందు "శ్రీ" పెట్టాను. చదువుకునేదాని కోసం ఒక్క ఒత్తూ వదలకుండా పేరు రాశాను. ఇద్దరికీ కలిపి చివర "గారు" తగిలించాను.

"బావుందండీ! ఏదీ, పైకి చదవండి" అన్నారు పంతులమ్మగారు.

సుద్దముక్క ఆవిడ చేతిలో పెట్టి, "మీరు చదవండమ్మా, మేం వింటాం" అన్నాను.