తడిగోడ మీది నాలుకలు

ఫిల్మ్‌నగర్ కాలేజీలో బోటనీ చెప్పే ఫిలోమినా రోజూ గేటు దగ్గరి బంతిమొక్కను దాటి, తడిగోడ ముందు ఆగేది. గోడకు ఆకుపచ్చ నాలుకల్లా అంటుకున్న లివర్‌వర్ట్ అనే పాచిలాంటి చిన్న మొక్క మీద తన సీసాలోని నీళ్లు చిలకరించేది. వచ్చే నెల పాఠంలో బంతిమొక్క పక్కన పెట్టి పోల్చి చూపడానికి ఆమెకున్నది అదొక్కటే. ఆ ఉదయం గోడ బోసిగా ఉంది.

"మీరు రోజూ నానబెడుతున్నరు గదా మేడం. జర సాయం చేద్దామని పాచంతా నేనే గీకేసిన," అన్నాడు వాచ్‌మన్ వీరయ్య సంబరంగా.

ఫిలోమినా నవ్వి, కింద రాలిన ఒక ముక్కను ఏరి ఇటుకల పగులులోకి వేలితో ఒత్తింది. "బంతికైతే పువ్వు పూయాలి, విత్తనం రాలాలి. దీనికి పువ్వూ లేదు, వేరూ లేదు. ఈ ముక్క చాలు వీరయ్య గారూ, మళ్లీ పాకుతుంది."

వీరయ్య మగ్గుతో నీళ్లు తెచ్చాడు. "బంతికి మొదలు కాడ పోస్తం. వేరు లేనిదానికి ఏడ పొయ్యాలె?"

"ఒళ్లంతా," అందామె.