నొక్కు పడిన రాగి గొట్టం

నిన్న పొద్దున మా వీధి చివర రిపేరు కొట్టు ముందు నుంచి వస్తుంటే, లోపల ఎవరో ఎర్రగా కాల్చిన రాగిని నీళ్ళ తొట్టిలో ముంచారు. చుయ్యిమన్న ఆ చప్పుడు, దాని వెంటే కరిగిన గుగ్గిలం వాసన. నా కాళ్ళు ఆగిపోయాయి. కొట్టతను ఏం కావాలని అడిగాడు. ఏమీ వద్దని చెప్పి, కాసేపు అక్కడే నిలబడి ఇంటికి వచ్చేశాను. నాకు డెబ్భై దాటాయి. నిన్న మధ్యాహ్నం తిన్నదేమిటో అడిగితే తడుముకుంటాను గాని, ఏలూరులో కాశిం సాయిబు గారి కొట్లో ఏ పనిముట్టు ఎక్కడ వేలాడేదో ఇప్పటికీ చెప్పగలను.

పంతొమ్మిది వందల ముప్ఫైల నాటి మాట. నేను తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లులో ఆయిలింజను డ్రైవరుని. ఇరవయ్యారేళ్ళు, పెళ్ళయింది, నా అంత పనివాడు ఆ చుట్టుపక్కల లేడని నా గట్టి నమ్మకం. ఇంజనుకు ఆయిలు అందించే రాగి గొట్టం చిటికెన వేలంత లావుంటుంది. దాన్ని మూడు నాలుగు చోట్ల వంచి బిగించాలి. వంపులో నొక్కు పడిందంటే ఆయిలు సరిగా పారదు, ఏదో ఒక రోజు అక్కడే విరుగుతుంది కూడా. నేను వంచితే ప్రతిసారీ నొక్కు పడేది. మిల్లు యజమాని విసిగిపోయి నన్ను రైలెక్కించి ఏలూరు పంపాడు. సాయిబు గారు అక్కడ బిందెలూ గంగాళాలూ బాగుచేస్తూ, మిల్లులకు గొట్టాలు కూడా వంచి ఇచ్చేవారు. అరవై ఏళ్ళ సన్నటి మనిషి. నాకంటే అంత పెద్దవారైనా నన్ను చివరి దాకా "డ్రైవరు గారూ" అనే పిలిచారు. మొదట్లో వేళాకోళం అనుకున్నాను. కాదు, ఆయనకు మనుషులతో మాట్లాడడం అలాగే వచ్చు.

"ఏదీ, మీరెలా వంచుతారో చూపించండి" అన్నారు. గొట్టాన్ని మోకాలికి ఆనించి ఒక్క గుంజు గుంజాను. నొక్కు పడింది. ఆయన నవ్వలేదు. "బలం బాగానే ఉందండీ. దానితోనే వచ్చింది చిక్కు" అన్నారు. ఇంకో గొట్టం తీసి బొగ్గుల మీద ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచారు. రాగి అలా మెత్తబడుతుంది. ఒక మూతికి కర్ర బిరడా కొట్టి, కరిగించిన గుగ్గిలం నిండా పోసి గట్టిపడనిచ్చారు. లోపల ఖాళీ లేకపోతే గొట్టం లోపలికి కుంగదు. తర్వాత రెండు బొటనవేళ్ళూ ఆనించి, ఒక్కచోటే ఆగకుండా వడ్లగింజంత దూరం జరుగుతూ, జరుగుతూ వంచుకుపోయారు. ఏ క్షణాన వంగిందో నేను పట్టుకోలేకపోయాను. చూస్తుండగానే గొట్టం కొడవలిలా తిరిగింది.

"వంచే కొద్దీ రాగి గట్టిపడుతుందండీ. వేళ్ళకి తెలుస్తుంది. తెలియగానే ఆపెయ్యాలి. గుగ్గిలం తీసేసి మళ్ళీ కాల్చుకోవాలి. ఎంత తొందరున్నా సరే" అన్నారు. గుగ్గిలాన్ని మూతి దగ్గర నుంచే కరిగించాలనీ, మధ్యలో వేడి పెడితే బయటికి దారిలేక గొట్టం పగులుతుందనీ చూపించారు. నా చేతిలో నలిగిన గొట్టాన్ని సుత్తితో తట్టి గుండ్రం చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "పైకి బాగానే కనబడుతుందండీ. లోపల పగులు మొదలైపోయి ఉంటుంది." ఆరు నెలల పాటు సెలవు దొరికినప్పుడల్లా ఏలూరు వెళ్ళాను. పని వచ్చింది. పనితో పాటు పొగరూ పెరిగింది.

మరుసటి ఏడు శ్రావణంలో కొల్లేటి ఒడ్డున ఒక ఊరి రైతులు మా మిల్లు ఇంజను కావాలని వచ్చారు. నాట్లు వేసిన చేలల్లోకి నీరు ఎగదన్నింది. గట్టు మీద ఇంజను పెట్టి తోడిపోయకపోతే నాట్లు కుళ్ళిపోతాయి. బయల్దేరే ముందు చూసుకుంటే ఆయిలు గొట్టం మార్చాల్సి ఉంది. పడవవాళ్ళు తొందరపెడుతున్నారు. కాల్చే ఓపిక, గుగ్గిలం పోసే ఓపిక లేక కొత్త గొట్టాన్ని ఉన్నదున్నట్టే వంచాను. రెండో వంపులో నొక్కు పడింది. సుత్తితో తట్టి గుండ్రం చేశాను. మచ్చ కనబడకుండా గుడ్డ చుట్టి రంగు పూశాను. చేసేటప్పుడు సాయిబు గారి మాట గుర్తు రాలేదని అంటే అబద్ధం.

రెండు రోజులు ఇంజను బ్రహ్మాండంగా తిరిగింది. మూడో రోజు మధ్యాహ్నం గొట్టం సరిగ్గా ఆ నొక్కు దగ్గర విరిగింది. నా దగ్గర ఇంకో గొట్టం లేదు. ఏలూరుకు పడవ పంపితే, మర్నాడు పొద్దున సాయిబు గారే బొగ్గులూ గుగ్గిలమూ కొలిమి తిత్తీ ఒక గొట్టమూ పట్టుకుని దిగారు. విరిగిన ముక్కను చేతిలోకి తీసుకున్నారు. గుడ్డ విప్పారు. నావైపు చూడకుండా దాన్ని తువ్వాలు కొంగున కట్టుకున్నారు. "నా వేళ్ళు వాచిపోయున్నాయి. మీరే వంచండి" అన్నారు.

రైతులంతా చుట్టూ నిలబడ్డారు. రెండు వంపులు బాగా వచ్చాయి. మూడోదాంట్లో గొట్టం బిగుసుకున్నట్టు వేళ్ళకు తెలిసింది. "ఇంకా ఎంతసేపండీ? కళ్ళముందే చేలు మునిగిపోతున్నాయి" అన్నాడు ఊరి పెద్ద. ఇంకొక్క పిసరు వంచితే అయిపోతుంది. సాయిబు గారి వైపు చూశాను. "ఆపండి డ్రైవరు గారూ. మళ్ళీ కాల్చండి" అన్నారు. ఊరి పెద్ద గొంతు పెంచాడు. "ఇది నలిగితే ఇంకోటి లేదండీ. కాస్త ఓర్చుకోండి" అని సాయిబు గారు మెల్లగా చెప్పి, తిత్తి దగ్గర తానే కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఇంజను అందుకుంది. ఆ సాయంత్రానికి చేలల్లో నీరు తగ్గడం మొదలైంది.

ఊళ్ళో చేలన్నీ దక్కాయి, సుబ్బయ్య అనే రైతు రెండెకరాలు తప్ప. ఆయన చేను అన్నిటికన్నా పల్లంలో ఉంది. ఇంజను ఆగిన ఆ ఒక్కరోజులో నీళ్ళు దాని నెత్తికెక్కాయి. నాట్లు కుళ్ళిపోయాయి. మళ్ళీ నాటుదామంటే ఎక్కడా నారు లేదు. నేనూ సాయిబు గారూ వచ్చేసే రోజున ఆ సుబ్బయ్యే నా రెండు చేతులూ పట్టుకుని, "మీరు లేకపోతే ఊరంతా పోయేదండీ" అన్నాడు. తల దించుకున్నాను. వినయం అనుకున్నారు.

తిరుగు పడవలో సాయిబు గారు కొంగు విప్పి ఆ ముక్క నా పక్కన పెట్టారు. "నేను చెప్తే మీ ఉద్యోగం పోతుందండీ. అందుకని నేను చెప్పను. కానీ ఎవరో ఒకరు ఆ సుబ్బయ్య గారికి చెప్పాలి కదండీ" అన్నారు.

రెండేళ్ళు చెప్పలేదు. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి, సుబ్బయ్య పట్టుకున్న చేతులు ఇంకొకటి. సాయిబు గారి కొట్టుకు వెళ్తూనే ఉన్నాను. ఆయన ఒక్కసారీ అడగలేదు. తిడితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆఖరికి ఆయన జబ్బుపడి మంచం మీద ఉన్నప్పుడు నేనే అన్నాను, "ఇంకా చెప్పలేదండీ" అని. "తెలుసండీ" అన్నారు. మర్నాడు పడవెక్కాను.

సుబ్బయ్య వలకు ముడులు వేస్తున్నాడు. ఆ రెండెకరాలు ఇప్పుడు వాళ్ళవి కావు. నిలబడే అంతా చెప్పాను, గుడ్డ చుట్టిన సంగతితో సహా. ఆయన వలను పక్కన పెట్టాడు. "రెండేళ్ళూ వానని తిట్టుకున్నానండీ" అన్నాడు. అంతే. వెళ్ళబోతుంటే ఆయన భార్య గుమ్మంలోకి వచ్చి, "పొద్దెక్కింది, భోంచేసి వెళ్ళండి" అంది. కొట్టు నుంచి తెచ్చిన బియ్యం మూట విప్పి అత్తెసరు పెట్టింది. వరి పండించిన ఇంట్లో కొన్న బియ్యం. అన్నీ విన్న మనిషి ఆమె, అయినా కొసరి కొసరి వడ్డించింది.

ఏలూరు వచ్చి సాయిబు గారికి చెప్పాను. ఆయన కళ్ళు మూసుకునే విన్నారు.

"అక్కడ భోంచేశారా?"

"చేశానండీ."

"ముద్ద దిగిందా?"

"దిగలేదండీ."

"అలాగే ఉండనివ్వండి దాన్ని" అన్నారు. ఉండనిచ్చాను.