నూనె మోసిన దూలం

1963లో ఇందుకూరుపేట దాటి మైపాడు వైపు పోయే దారిలో, ఒక కాలువ మీద వంతెన కడుతున్నారు. నేను అక్కడ హైడ్రాలిక్ పవర్ యూనిట్ నడిపే మెకానిక్‌ని. పేరు పెద్దదే గాని, ఉండేది డీజిల్ ఇంజను, నూనె ట్యాంకు, పంపు, వాల్వులు. ఇంజను పంపును తిప్పుతుంది. పంపు నూనెను సన్నని గొట్టంలోంచి జాక్‌లోకి తోస్తుంది. జాక్ అంటే లోపల పిస్టన్ ఉన్న ఉక్కు సిలిండర్. ఆ నూనె ఒత్తిడి పిస్టన్ అడుగుభాగమంతా ఒకే తీరుగా తోస్తుంది కాబట్టి, పిస్టన్ ఎంత వెడల్పైతే అంత బరువు లేస్తుంది. కాంక్రీటు దూలాల్లో ఉక్కు తీగలు లాగి బిగించడానికీ, దూలాలను ఎత్తి స్తంభాల మీద సర్దడానికీ దాన్నే వాడేవాళ్లం.

ఒకరోజు పొద్దున, స్తంభం మీద దూలం కింద పెట్టిన కొయ్యదిమ్మల్లో ఒకటి పగిలింది. దూలం ఓ పక్కకు కుంగింది. దిమ్మలు సర్దుతున్న మేస్త్రీ పోలయ్య పాదం వాటి నడుమ ఇరుక్కుపోయింది. మిగిలిన దిమ్మలు కిర్రుమంటున్నాయి. అవీ పగిలితే మనిషే దక్కడు.

అక్కడే కాంక్రీటు మోస్తున్న అతని భార్య రమణమ్మ నిచ్చెనెక్కి వచ్చి, అతని తల ఒళ్లో పెట్టుకుంది. ఇంజనీరుగారు దిగమన్నా దిగలేదు.

"దాసన్నా, ఇంతమంది ఉండారు గదా, గడ్డపారలేసి లేపకూడదా?" అంది నాతో.

"ఊరంతా వచ్చినా లేవదమ్మా. జాక్ పెడతాం."

ఆమె నా చేతిలో బొటనవేలంత లావున్న గొట్టాన్ని చూసింది. "దీంట్లో ఏముండాది?"

"నూనె."

ఆమె అతని తలను ఇంకా దగ్గరికి తీసుకుంది. పోలయ్యే అన్నాడు, "కానీ అన్నా. నాకు కాలు తెలవడంలా."

దూలం కింద జాక్ నిలబెట్టాం. "కొంచెం లేచిన ప్రతిసారీ పక్కన ఇనప పలక దోపాల. నూనె ఒక్కదాన్నే నమ్మొద్దు" అని ఇంజనీరుగారు తానే పలకలు పట్టుకుని పోలయ్య పక్కన కూర్చున్నారు.

నేను వాల్వు కొద్దిగా తెరిచాను. ఇంజను గొంతు బరువెక్కింది. ఒత్తిడి చూపే గేజిలో ముల్లు పైకి పాకుతోంది గాని దూలం కదల్లేదు. అంతకుముందెన్నడూ నేను పోనివ్వని చోటికి ముల్లు చేరింది. గొట్టం తట్టుకుంటుందో లేదో తెలియదు. అయినా వాల్వు ఇంకాస్త తిప్పాను.

ఉన్నట్టుండి ముల్లు ఆగింది. దూలానికీ దిమ్మకూ మధ్య సన్నని వెలుగు గీత కనిపించింది. అందులోంచి అవతలి వరిపొలం పచ్చగా కనబడింది. పెద్ద మోత ఏదీ లేదు. అంత కాంక్రీటును ఆ కాస్త నూనె మోస్తోంది. ఇంజనీరుగారు పలక తరవాత పలక దోపుతూ పోయారు. చివరికి పోలయ్యను మెల్లగా వెనక్కి లాగారు.

నెల్లూరు ఆస్పత్రిలో రెండు వేళ్లు తీసేశారు. పాదం దక్కింది. వంతెన పిట్టగోడ కట్టే వేళకు, కుంటుతూనే పనిలోకి వచ్చాడు.

ఆ రోజుల్లోనే ఒకసారి, మేము వంతెన అవతలి కొసన ఇంకో దూలం ఎత్తుతుంటే రమణమ్మ తట్ట దించి వచ్చింది. "ముట్టుకోవచ్చునా అన్నా?" అని అడిగి, జాక్ మీద అరచెయ్యి ఆనించింది. "వెచ్చంగా ఉండాదే" అంది, చెయ్యి తియ్యకుండా.

అంతవరకు ఒత్తిడి అంటే నాకు గేజి మీద అంకె. ఆ ప్రమాదం తరవాత, ఉద్యోగం విరమించేదాకా, వాల్వు తెరిచే ముందు గేజిని కాదు, దూలం కింద ఎవరి చేతులు, ఎవరి కాళ్లు ఉన్నాయో అది ముందు చూసేవాణ్ని.