పిల్లల తలల మీద హిమానీనదం

2023 వేసవిలో నేను న్యూజెర్సీలో రిగ్గింగ్ ఇంజినీర్‌గా పనిచేస్తున్నాను. బరువైన వస్తువులను పైకప్పు నుంచి భద్రంగా వేలాడదీయడం మా పని. ప్లెయిన్స్‌బరోకు దగ్గరలోని ఒక చిన్న గ్యాలరీ నుంచి పిలుపు వచ్చింది. శిల్పి పేరు నిత్య, కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. కరిగిపోతున్న ఒక హిమానీనదం ఆకారంలో తొమ్మిది వందల పౌండ్ల మంచుగడ్డను చెక్కింది. చూడవచ్చినవాళ్లు దాని కింద నిలబడి, కారే చుక్కను అరచేతిలో పట్టుకోవాలి.

గడ్డను ముందొకటి, వెనకొకటి రెండు స్లింగ్‌లు మోస్తున్నాయి. స్లింగ్ అంటే వెడల్పాటి గట్టి పట్టీ. ఒక్కోదానికి ఒక లోడ్ సెల్, అంటే దాని మీద ఎంత బరువు పడుతోందో చూపే పరికరం. నా లెక్కలో మూడే అంశాలు: పూర్తి బరువు, పట్టీల బలం, పైకప్పు దూలం. మొదటి గంటే అన్నిటికన్నా ప్రమాదకరమని రాసి సంతకం చేశాను. కరిగేకొద్దీ తేలికవుతుంది కదా!

మధ్యాహ్నం తెలుగు బడి పిల్లలు పద్నాలుగు మంది వచ్చి, వాళ్ల టీచర్ వెనక వరుసలో నిలబడ్డారు. వాళ్లను లోపలికి వదిలేముందు అలవాటుగా లోడ్ సెల్ అంకెలు కనిపించే తెర చూశాను. మొత్తం బరువు తగ్గింది. ముందు పట్టీ మీద మాత్రం పెరిగింది. చూస్తుండగానే ఇంకో నాలుగు పౌండ్లు పెరిగింది.

“ఎవరూ కిందికి వెళ్లొద్దు!” అని అరిచాను.

“ఏంటి కార్తీక్ అన్నా, టోటల్ తగ్గుతుంది కదా? ఇంకా సేఫ్!” అంది నిత్య.

“కిటికీలోంచి వెనక వైపు ఎండ పడి ఎక్కువ కరిగింది. గడ్డ ముందుకి జారుతోంది.”

“చుక్క చేతిలో పడటమే నా ఆర్ట్. అది లేకపోతే ఇది జస్ట్ ఐస్!”

టీచర్ కలగజేసుకున్నారు. “బాబూ, గంటసేపు డ్రైవ్ చేసుకుని వచ్చాం. ఒక్కొక్కళ్లనే పంపిస్తాను, రెండు నిమిషాలే.”

“ఆంటీ, ముందు పిల్లల్ని పార్కింగ్‌లోకి తీసుకెళ్లండి. ప్లీజ్.”

నా గొంతు విని ఆవిడ పిల్లల్ని బయటికి నడిపించారు.

మోటారుతో గడ్డను అంగుళం అంగుళం దింపాను. మంచు పట్టీని రాసుకుంటూ చేసిన చప్పుడుకు రెండుసార్లు చెయ్యి ఆగిపోయింది. నేలకు ఆనాక చూస్తే, వెనక పట్టీ మంచును కోసుకుంటూ గడ్డ కొసదాకా వచ్చేసింది. వేలెడు మందం అంచు ఒక్కటే పట్టీ జారిపోకుండా ఆపుతోంది.

నిత్య ఆ అంచును ముట్టుకుంది. అది విరిగి చేతిలోకి వచ్చింది.

“అన్నా, మార్నింగ్ ఫస్ట్ మా అమ్మే నిలబడింది, దీని కింద,” అంది.

“తప్పు నాదే,” అన్నాను.

బరువు తగ్గడం, ప్రమాదం తగ్గడం ఒకటి కాదని ఆ రోజు తెలిసింది. కరిగే వస్తువు గంట గంటకూ వేరే వస్తువు అవుతుంది. లెక్క కూడా మళ్లీ కట్టాల్సిందే. ఇప్పుడు నా చెక్‌లిస్టులో బరువు రెండో వరుసకు వెళ్లింది. మొదటి వరుసలో ‘కింద ఎవరు నిలబడతారు?’ అని ఉంటుంది. అక్కడ జవాబు రాసేటప్పుడు పెన్ను ఇప్పటికీ ఒక క్షణం ఆగుతుంది.