చాచా చెయ్యి ఆనించిన స్తంభం

వాన పడితే చాలు, మా హాలు గోడలు ఇప్పటికీ తవుడు వాసన వేస్తాయి. ఎన్నిసార్లు సున్నం కొట్టించినా అది పోలేదు. మెదక్‌లో ఇప్పుడు సంఘాల మీటింగులు, ఆడవాళ్ల కుట్టు తరగతులు జరిగే ఈ హాలు ఒకప్పుడు నైజాం కాలంనాటి రైస్‌మిల్లు. ఈ ఉదయం తలుపు తీయగానే ఆ వాసన తగిలింది. ఖాజా చాచా గుర్తొచ్చాడు. గుర్తు రావడమేమిటి, పక్కన లేడని మళ్లీ తెలిసింది.

చాచా ఆ మిల్లులో ఇంజన్ నడిపేవాడు. బతుకంతా ఆ చప్పుడులోనే గడిపి చెవులు పోగొట్టుకున్నాడు. కొత్త మిల్లులు వచ్చాక పాతది మూతపడింది. భార్య అంతకుముందే పోయింది, ఆయన ఒక్కడే ఆ మిల్లులో ఉండిపోయాడు. నేను టేక్మాల్ నుంచి క్లర్కు ఉద్యోగానికి వచ్చి, మిల్లు వెనక గది కిరాయికి తీసుకున్నాను. ఊళ్లో నాకెవరూ లేరు. ఉన్నా మాట్లాడేదాన్ని కాదు. తల వంచుకుని మాటను నోట్లోనే నమిలి మింగే రకం. మొదటిరోజు నీళ్ల గురించి ఏదో అడిగితే చాచా విసుక్కున్నాడు.

“జర మొగం లేపు బిడ్డా. నేలతోని మాట్లాడ్తె నాకేం తెలుస్తది? నేను పెదవులు చూసి ఇంట.”

అలా నేను తలెత్తి మాట్లాడటం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

మిల్లును నలుగురూ కూర్చునే చోటు చేయాలని ఆయన పట్టు. మిల్లు యజమాని సేటు చుట్టూ తిరిగి తిరిగి ఒప్పించాడు. వానాకాలం వెళ్లేలోపు జనం రాకపోతే ఎరువుల గోదాముకు ఇచ్చేస్తానని సేటు షరతు పెట్టాడు. పాత ఇనుము వాళ్లు ఇంజన్‌ను తీసుకుపోతుంటే చాచా ఏడుస్తాడనుకున్నాను. “అది ఉంటే మనుషులేడ కూసుంటరు?” అని నన్నే కసిరాడు. ఇంజన్ ఉన్న గుంత పూడ్పించి, నేల చదును చేయించి, గోడలకు కిటికీలు పెట్టించాడు. నడుమనున్న టేకు స్తంభాలను మాత్రం ఎవర్నీ ముట్టనివ్వలేదు.

జనం రాలేదు. సాయంత్రాలు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి, అంత పెద్ద హాల్లో జంపఖానాలన్నీ పరిచి, చాచా ఒక్కడే స్తంభానికి అరచెయ్యి ఆనించి నిలబడి ఉండేవాడు. ఎందుకలా అని అడిగాను.

“ఇంజన్ నడుస్తున్నదా, ఆగిందా, గిట్లనే చెయ్యి పెట్టి చూసేటోణ్ని. నలుగురు కూసోని మాట్లాడ్తె గీ కట్టెకు తెలుస్తది.”

“ఇప్పుడేమంటుంది చాచా?”

“బంద్ ఉన్నది,” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇద్దరం కూర్చున్నా ఆ హాలు ఖాళీగానే ఉంది.

అంతలో ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. ఆఫీసులు మూతపడ్డాయి. రోడ్డు పక్క వేసిన దీక్షా శిబిరం వానకు కూలిపోతే, చాచా ఎదురెళ్లి “రాండ్రి, మిల్లుల కూసోండ్రి” అని అందరినీ లాక్కొచ్చాడు. హాలు నిండిపోయింది. ఎవరో నన్ను కూడా మాట్లాడమన్నారు. అంతమందిలో ఎవరి ముఖం చూడాలో తెలియలేదు. స్తంభం దగ్గర చాచా కనిపించాడు, గడ్డం పైకెత్తమని సైగ చేస్తూ. మా ఊరి చేన్లకు రాని నీళ్ల గురించి, మా చెల్లెలికి దొరకని ఉద్యోగం గురించి ఆయనొక్కడికే చెప్పాను, తొందరపడకుండా, పెదవులు స్పష్టంగా కదిపి.

చప్పట్లు మోగాయి. చాచా అరచెయ్యి స్తంభం మీదే ఉంది. కళ్లనిండా నీళ్లు.

“నడుస్తున్నది బిడ్డా!” అని అరిచాడు, అందరూ తిరిగి చూసేలా. “నడుస్తున్నది!”

సేటు గోదాము మాట మళ్లీ ఎత్తలేదు. రాష్ట్రం వచ్చిన రోజు చూడటానికి మాత్రం చాచా లేడు. అందుకు నాకు ఇప్పటికీ కోపమే. ఎవరి మీదో తెలియదు.

ఈరోజు కుట్టు నేర్చుకున్న ఆడవాళ్లతో నేను మాట్లాడాలి. ఇంకా ఎవరూ రాలేదు. స్తంభానికి అరచెయ్యి ఆనించి చూశాను. చల్లగా ఉంది. కాసేపటికి హాలు నిండుతుంది. నేనెప్పటిలాగే తలెత్తి, ఈ స్తంభం వైపే చూస్తూ, పెదవులు స్పష్టంగా కదిపి మాట్లాడతాను. ఈ స్తంభం దగ్గర మాత్రం ఎవరూ ఉండరు.