పెద్ద టైర్ల జీపు, చిన్న పీట

మా పక్కవాటా మావయ్యగారు పోయారు. బందరులో తమ్ముడుగారింటికి వెళ్ళి, మధ్యాహ్నం భోంచేసి, కాసేపు నడుం వాలుస్తానని మంచమెక్కిన మనిషి మళ్ళీ లేవలేదట. తమ్ముడుగారు ఫోన్ చేసేసరికి నేను స్కూలు నుంచి వచ్చి కాఫీ పెడుతున్నాను. అలవాటుగా రెండు గ్లాసులు కడిగాను. ఫోన్ పెట్టేశాక ఆ రెండో గ్లాసుని ఏం చేయాలో తెలియక, చేత్తో పట్టుకుని వంటింట్లోనే నిలబడిపోయాను.

ఆయన నాకు చుట్టం కాదు. పశువుల డాక్టరుగా చేసి రిటైరైన మనిషి. నేను గుడివాడలో టీచరుగా చేరి ఆ ఇంట్లో పక్కవాటా అద్దెకు తీసుకున్నప్పుడు, ఏమని పిలవమంటారని అడిగాను. ఆయన భార్య నవ్వి, "ఆయన మావయ్య, నేను అత్తయ్య. అట్టా పిలిచేవాళ్ళు మాకు వేరే లేరులేమ్మా," అన్నారు. వాళ్ళకి పిల్లల్లేరు. నాదీ ఒంటికాయ శొంఠికొమ్ము వ్యవహారమే. ముగ్గురం ఒకే ప్రహరీలో సర్దుకున్నాం.

ఇంటి ముందు నల్లమట్టి వాకిట్లో ఒక జీపు ఉండేది. చిన్నది, నాలుగు చక్రాలూ లాగే రకం. దాని టైర్లు మాత్రం దాని ఒంటికి ఏమాత్రం పొంతన లేనంత పెద్దవి. వీధిలో వాళ్ళందరూ ఆగి చూసేవాళ్ళు. పశువుల డాక్టరుకి ఇదేం పిచ్చని నవ్వుకునేవాళ్ళు కూడా. ఆ టైర్లు ఎందుకొచ్చాయో చెప్పాలంటే అత్తయ్యగారి పుట్టింటి సంగతి చెప్పాలి.

ఆవిడది హంసలదీవి దగ్గర చిన్న పల్లె. సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. పశువులకి టీకాలు వేయడానికి ఆ వైపు వెళ్ళిన మావయ్యగారు ఆవిణ్ణి చూసి, రెండువైపుల వాళ్ళూ మూతులు ముడుచుకున్నా పట్టుబట్టి చేసుకున్నారు. నేను వాళ్ళని ఎరిగే నాటికి ఆ పల్లెలో ఆవిడకి మిగిలింది ఒక్క అక్క. ఎండుచేపలు అమ్ముకుంటూ ఒంటరిగా ఉండేది. బస్సెక్కితే చాలు, వాంతులు. గుడివాడ రమ్మంటే చేతులు జోడించేది. అత్తయ్యగారికేమో మోకాళ్ళ నొప్పులు. బస్సు దిగాక ఇసకలో, బురదలో పల్లెదాకా నడిచే ఓపిక లేదు. అలా ఏళ్ళ తరబడి అక్కచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకోలేదు.

"అక్క మొహం మర్చిపోతానేమోనండీ," అని ఒకరోజు బియ్యంలో రాళ్ళు ఏరుతూ అన్నారు అత్తయ్యగారు. మావయ్యగారు పేపరు మడిచి లేచి వెళ్ళిపోయారు. తర్వాత ఎక్కడ వాకబు చేశారో, ఆ పాత జీపు కొనుక్కొచ్చారు.

అప్పుడు దానికి మామూలు టైర్లే ఉండేవి. మొదటిసారి వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు పల్లె ఇంకా కనిపిస్తుండగానే ఇసకలో దిగబడింది. గేరు మార్చినకొద్దీ ఇంకాస్త లోపలికి పోయింది. చివరికి పల్లెలో మగవాళ్ళంతా వచ్చి, వల లాగే మోకు కట్టి, హైలెస్సా అంటూ బయటికి లాగారట. అత్తయ్యగారు ముందు సీట్లో కొంగు మొహాన కప్పుకుని కూర్చున్నారు. అక్కని చూసిన సంతోషం కంటే ఆ అవమానమే ఎక్కువైంది ఆవిడకి. "మా పుట్టింటోళ్ళ చేత బండి లాగించారు. ఇంక ఈ బండిలో నేను వెళ్ళను," అని ఇంటికొచ్చి మంచం మీద అటు తిరిగి పడుకున్నారు.

మావయ్యగారు వాదించే మనిషి కాదు. ఒక ఆదివారం జీపు తీసుకుని బందరులో తనకి తెలిసిన షెడ్డుకి బయల్దేరారు. బట్టలు కొనుక్కోవాలని నేనూ ఎక్కాను. బట్టల సంగతి మర్చిపోయి సాయంత్రం దాకా ఆ షెడ్డులోనే ఉండిపోయాను.

"డాక్టరుగారూ, ఈ బుల్లి బండికి అంతంత టైర్లెందుకండీ? చంటిపిల్లాడికి నాన్న చెప్పులు తొడిగినట్టుంటది," అన్నాడు మేస్త్రీ.

"ఇసకలో దిగబడకుండా ఉంటే చాలు. చూడ్డానికి ఎట్టా ఉన్నా ఫర్లేదు," అన్నారు ఈయన.

బిగించి చూస్తే స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడల్లా టైరు మడ్‌గార్డుకి రాసుకుంది. దాని అంచు కోశారు. అయినా రాసుకుంది. స్ప్రింగు పట్టీల దగ్గర ఇనప ముక్కలు వేసి బండినే పైకి లేపారు. మావయ్యగారు ఒక పక్క టేపు పట్టుకుని చక్రం చుట్టూ జాగా కొలుస్తూ, మధ్యమధ్య బొటనవేలితో టైరుని నొక్కి చూస్తున్నారు. గేదె పొట్ట ఉబ్బిందేమోనని చూసేటప్పుడు కూడా అచ్చం అలాగే నొక్కేవారు. స్టీరింగు బరువెక్కింది, బ్రేకు కాస్త ముందుగానే తొక్కాల్సి వచ్చింది. ఆయన మొహం మాత్రం వెలిగిపోయింది.

దారిలో నాకొక సంగతి చెప్పారు. పెద్ద చక్రం తక్కువసార్లు తిరుగుతుంది కాబట్టి మీటరు అసలు కంటే తక్కువ దూరం చూపిస్తుందట. "మీటరు ప్రకారం సముద్రం మనకి దగ్గరికొచ్చిందమ్మా," అని చిన్నపిల్లాడిలా నవ్వారు.

ఇంటికొచ్చి హారను కొట్టారు. అత్తయ్యగారు గుమ్మంలోకి వచ్చారు. టైర్లు చూశారు, పైనెక్కడో ఉన్న సీటుని చూశారు. "గోడెక్కమంటున్నారా నన్ను?" అన్నారు.

నాకు నవ్వాగలేదు. మావయ్యగారు మాత్రం టేపు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "అన్నీ కొలిచానమ్మా, ఆవిడ మోకాలొక్కటే కొలవలేదు," అన్నారు నెమ్మదిగా. ఆ మాట ఆ తర్వాత ఎన్ని సందర్భాల్లో వాడేవారో. నేను ఏదైనా పనిలో హడావిడి పడుతుంటే, "మోకాలు కొలిచావా?" అనేవారు.

ఇటుకలు పేర్చి చూశారు, కుర్చీ వేసి చూశారు. కుర్చీ ఎత్తు ఎక్కువైంది, ఇటుకలు కదిలాయి. చివరికి వంటింట్లోంచి పీట తెచ్చారు. మోకాళ్ళ వల్ల అత్తయ్యగారు కింద కూర్చోవడం మానేశాక అది గోడకి ఆనించే ఉండేది. దానికి నాలుగు లావుపాటి కాళ్ళు బిగించి, ఒక పక్క తాడు కట్టారు. ఎడమ తలుపు తీసి పీట వేయడం, ఆవిడ భుజం పట్టుకుని ఎక్కించడం, తర్వాత తాడుతో పీటని పైకి లాగి ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టడం. బయల్దేరిన ప్రతిసారీ ఇదే వరస. పీటే లేకపోతే ఆ టైర్లు దండగ.

ఆ ప్రయాణాల్లో చాలావాటికి నన్నూ తీసుకెళ్ళారు. మోపిదేవిలో ఆగి కొబ్బరికాయ కొట్టేవాళ్ళం. ఇసక మొదలయ్యేచోట మావయ్యగారు దిగి, వాల్వుని అగ్గిపుల్లతో నొక్కి, మెత్తబడితే ఇసకలో దిగబడవని టైర్లలో గాలి కొంత వదిలేవారు. తిరిగొచ్చేటప్పుడు అదే చోట చెమటలు కక్కుతూ కాలి పంపుతో మళ్ళీ కొట్టేవారు. పెద్ద టైర్లతో వెళ్ళిన మొదటిసారి బండి ఎక్కడా ఆగకుండా గుడిసె ముందు దాకా వెళ్ళింది. అక్కగారు చేపలు ఎండేసిన చోటునుంచి లేచొచ్చి, "అంత ఎత్తునుంచి ఎట్టా దిగుతావే?" అని గాభరా పడింది. మావయ్యగారు పీట వేశారు. అత్తయ్యగారు మహారాణిలా దిగారు. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరి చెంపలు ఒకరు తడుముకుంటుంటే ఆయన అటు తిరిగి టైరులో గాలి చూస్తున్నట్టు వంగి ఉన్నారు.

తర్వాత కొన్నాళ్ళకి అత్తయ్యగారు జబ్బు చేసి పోయారు. దినాలయ్యాక ఒక ఉదయం జీపు తలుపు చప్పుడు విని కిటికీలోంచి చూశాను. మావయ్యగారు ఎడమ తలుపు తీసి పీట వేశారు. కాసేపు నిలబడ్డారు. తాడు లాగి పీట లోపల పెట్టి, తలుపు మూసి, ఇటు వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నారు. నేను చూశానని ఆయనకి తెలిసింది.

"అలవాటమ్మా. పీట వెయ్యకపోతే బండి స్టార్టవదేమో అనిపిస్తుంది," అన్నారు.

అక్కగారికి బియ్యం, తమలపాకులు తీసుకుని ఒక్కరే వెళ్ళొచ్చేవారు. ఒకసారి తిరిగొచ్చి అరుగు మీద కూర్చుని, "మీటరు అంతే చూపిస్తోందమ్మా. దారే పొడుగైపోయింది," అన్నారు. కాఫీ ఇచ్చాను. ఆ రోజునుంచే రోజూ రెండు గ్లాసులు పెట్టడం మొదలైంది. ఈమధ్య చూపు ఆనక జీపుని ఊరు దాటించడం మానేశారు. అయినా పొద్దున్నే పీట వేసి, ఇంజను కాసేపు ఆడించి, ఆపేసేవారు. బందరు కూడా బస్సులోనే వెళ్ళారు చివరిసారి.

ఆయన పోయిన కబురు అక్కగారికి ఎవరో ఒకరు చెప్పాలి. నేనే బస్సెక్కి, దిగి, ఇసకలో నడిచి వెళ్ళాను. ఆవిడ నన్ను చూసి, నా వెనక దారి వైపు చూసింది. "బండి రాలేదా?" అంది. నేను వెళ్ళి ఆవిడ చేతులు పట్టుకున్నాను. ఆవిడకి అర్థమైంది.

"చెల్లి పోయినాక కూడా ఇక్కడ పీట ఏసేవాడమ్మా మరిది. ఏసి, ఒక్క చణం నుంచుని, తీసేవాడు. నేనేం అనేదాన్ని కాదు," అంది.

జీపుని తమ్ముడుగారు అమ్మేశారు. చేపల చెరువులున్న ఆయన ఎవరో టైర్లు చూసి ముచ్చటపడి తీసుకెళ్ళాడు. పీట నేను అడిగి తీసుకుని, మళ్ళీ వెళ్ళినప్పుడు అక్కగారికిచ్చేశాను. ఇప్పుడు గుడిసె ముందు దాని మీదే కూర్చుని చేపలు తిరగేస్తోంది.

నాకిక్కడ ఏమీ మిగల్లేదనుకున్నాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, నాకు దిగులుగా ఉంది, అంతే. మొన్న తొలకరి పడింది. జీపు ఉండేచోట వెడల్పాటి టైర్ల అచ్చులు ఒక్క వానకే మట్టిలో కలిసిపోయాయి. వాటి పక్కన, ఎడమ తలుపు ఉండే చోట, ఇన్నేళ్ళూ ఒకేచోట వేసిన పీట కాళ్ళు దిగిన నాలుగు చిన్న గుంటలు మాత్రం అలాగే ఉన్నాయి. వాకిలి ఊడుస్తూ అక్కడికొచ్చేసరికి నా చీపురు పక్కకి తిరుగుతుంది. పొద్దున్న చూస్తే నాలుగు గుంటల్లోనూ నీళ్ళు నిలిచి ఉన్నాయి.